చిన్న షాపుకు తెలుగు వెబ్‌సైట్: వత్తులు తెగకుండా, పేజీ బరువెక్కకుండా

విశాఖ గాజువాకలో హార్డ్‌వేర్ షాపుకైనా, భీమిలి రోడ్డులో హోమ్‌స్టేకైనా మూడు నాలుగు పేజీల సైటు చాలు. ముందు డొమైన్ (సైటు అడ్రసుగా ఉండే పేరు) కొనండి. అది యజమాని పేరుతో, యజమాని ఈమెయిల్‌తోనే ఉండాలి. సైటు చేసినవాళ్ల ఖాతాలో ఉంటే, రెన్యువల్ నాటికి వాళ్లు ఫోన్ ఎత్తకపోతే షాపు పేరే చేజారిపోవచ్చు.

అసలు పని మ్యాటర్ దగ్గర ఉంది. చాలా షాపుల దగ్గర దొరికేది ప్రెస్సులో కరపత్రానికి కొట్టించిన మ్యాటరే. అది సాధారణంగా డీటీపీకి వాడే అను ఫాంట్లలో ఉంటుంది, ఫోన్లలో, వెబ్‌సైట్లలో తెలుగు కనిపించే యూనికోడ్‌లో కాదు. కాపీ చేసి పేజీలో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక ప్రతి లైనూ చదివి సరిచూడండి. వత్తుల దగ్గరా, అంకెల దగ్గరా తప్పులు మిగులుతాయి. ఈ శ్రమ ఎందుకని కరపత్రాన్నే బొమ్మగా పెట్టేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, రేటు మారిన ప్రతిసారీ కొత్త బొమ్మ చేయించాలి.

ఫాంటు నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ తీసుకోండి. రామభద్ర బాగా లావు, హెడ్డింగులకే పనికొస్తుంది. అక్షరం సైజు 17 లేదా 18 పిక్సెళ్లు, లైన్ హైట్ (ఒక లైను ఎత్తు అక్షరం సైజుకు ఎన్ని రెట్లో) 1.6 నుంచి 1.8. ఇంగ్లిష్ టెంప్లేట్లలో (రెడీమేడ్ పేజీ డిజైన్లలో) ఇది తరచు 1.2 దగ్గర ఉంటుంది. అలాగే వదిలేస్తే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. బటన్లకు ఎత్తు పిక్సెళ్లలో బిగించొద్దు, ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇవ్వండి. లేకపోతే వత్తు సగానికి తెగుతుంది. ‘లక్ష్మీ’, ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అని టైపు చేసి చూస్తే లోపం ఇట్టే బయటపడుతుంది.

ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కోటీ 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లో 75 క్వాలిటీతో సేవ్ చేస్తే మామూలుగా 200 కేబీ లోపే వస్తుంది. ఐఫోన్ ఫొటోలు సేవ్ చేసే హెచ్‌ఈఐసీ ఫైళ్లు క్రోమ్‌లో తెరుచుకోవు, మార్చాల్సిందే. కోడ్‌లో ప్రతి ఫొటోకూ వెడల్పు, ఎత్తు రాయండి. లేకపోతే ఫొటో దిగే వేళకు పేజీ కిందికి జరిగి, ఒక బటన్ నొక్కబోతే ఇంకోటి నొక్కుకుంటుంది. లేజీ లోడింగ్ (అక్కడిదాకా స్క్రోల్ చేస్తేనే ఫొటో దిగడం) కింది ఫొటోలకే, పై ఫొటోకు వద్దు.

కాంటాక్ట్ ఫారం చాలామందికి అక్కర్లేదు. దాని మెయిళ్లు స్పామ్‌లో పడుతుంటాయి. కాల్ బటన్, వాట్సాప్ బటన్ పెట్టండి. వాట్సాప్ లింకులో నంబరు ముందు 91 ఉండాలి. ప్లస్ గుర్తు, సున్నా ఉండకూడదు. అడ్రసులో డోర్ నంబరుతో పాటు ‘మద్దిలపాలెం జంక్షన్ నుంచి ఎటు’ అన్నదీ రాయండి. మ్యాప్ పిన్ వెనక సందులో కాకుండా షాపు గుమ్మం మీదే పడిందో లేదో అక్కడికెళ్లి చూసుకోండి.