ఆరుబయట వేసవి కచేరీకి వాయిద్యంతో బయల్దేరే ముందు

• ఎండలో ఆపిన కారులో వయొలిన్‌నూ చెల్లోనూ (వయొలిన్ లాంటిదే, పెద్ద తీగ వాయిద్యం) పది నిమిషాలు కూడా వదలొద్దు. చెక్కల్ని పట్టి ఉంచే జంతు జిగురు వేడికి మెత్తబడి అతుకు విచ్చుకుంటుంది. వాయిద్యం అంచు వెంట వేలి గణుపుతో మెల్లగా తట్టి చూడండి. విడిన చోట శబ్దం బోలుగా మారుతుంది.

• చెక్క క్లారినెట్, ఓబో లాంటి ఊదే వాయిద్యాలు ఉంటే నీడ ఉన్న కుర్చీ ముందే అడగండి. నేరుగా ఎండ పడితే పగుళ్లొస్తాయి, ఇందులో మొహమాటం పనికిరాదు.

• శ్రుతి వేదిక మీదే, వాయిద్యం అక్కడి గాలికి అలవాటుపడ్డాకే చూసుకోండి. వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది, ఫ్లూట్‌లో మాత్రం పెరుగుతుంది.

• స్వరపత్రాలు గాలికి ఎగరకుండా బట్టల క్లిప్పులు నాలుగు. పారదర్శకమైనవైతే స్వరాలను కప్పేయవు.