చలి ముదరకముందే బండి సంగతి చూసుకోండి

డిసెంబరులో తెల్లవారుజామున పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కితే దూరంగా మేడల నడుమ బూడిదరంగు పొర కనిపిస్తుంది. మంచు అనుకుని ఫోటోలు తీసుకుంటారు. అందులో మంచు ఎంతో గానీ, పొగకూ దుమ్ముకూ మాత్రం లోటుండదు. చలికాలం రాత్రుళ్లు నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కిందే ఉండిపోతుంది, పైనున్న వెచ్చని గాలి దానికి మూత వేస్తుంది. ఎండ ఎక్కేదాకా మన బండ్ల పొగ మన వీధిలోనే తిరుగుతుంది. కాబట్టి షెడ్డు పనులు నవంబరులోనే ముగించుకోండి.

అన్నిటికన్నా ముందు సెల్లార్. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన రోజూ కారు స్టార్ట్ చేసి, పది నిమిషాలు అలాగే ఉంచి, నింపాదిగా అద్దాలు తుడుచుకునేవారు. సైలెన్సర్‌కు నాలుగడుగుల దూరంలో వాచ్‌మన్ గది, దానికున్నది ఒక్కటే కిటికీ. చల్లటి ఇంజను వదిలే పొగ మామూలు పొగకన్నా చెడ్డది. విషవాయువులను మార్చే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. పైగా కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. గాలి ఆడనిచోట ప్రాణం తీయగలదు. ఇప్పటి ఇంజన్లకు అర నిమిషం చాలు. అద్దాలు ముందే తుడుచుకుని, స్టార్ట్ చేసి, మెల్లగా బయటికి నడపండి.

పొగ రంగు చూడటం నేర్చుకోండి. నల్లగా వస్తే ఇంధనం సరిగా కాలడం లేదు; మొదట ఎయిర్ ఫిల్టర్ విప్పించి నేలకు తట్టి చూడండి. మన మెట్రో పనులూ కొత్త కట్టడాలూ పుణ్యమా అని అందులోంచి పిడికెడు దుమ్ము రాలినా ఆశ్చర్యపోకండి. నీలంగా వస్తే ఇంజను ఆయిల్ కాలుతున్నట్టు, ఖర్చుకు సిద్ధపడాలి. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) లోపలికి కారుతూ ఉండవచ్చు.

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు చూసుకోండి. పాత బండ్లకు ఆరు నెలలు, బీఎస్ 4, బీఎస్ 6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు) బండ్లకు ఏడాది. లేకపోతే చట్టం ప్రకారం 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయితే ఆ కాగితం మీద పూర్తిగా భరోసా పెట్టుకోవద్దు. పెట్రోలు బండికి ప్రధానంగా చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికి ఆ పరీక్ష పోదు. గొట్టం సైలెన్సర్‌లో పెట్టకుండానే కాగితం చేతికిచ్చిన చోటు నేనూ చూశాను. అలాంటి చోటికి మళ్లీ వెళ్లకండి.

చప్పుడు కోసం కుర్రాళ్లు సైలెన్సర్ మార్పిస్తారు. చాలా బైకుల్లో కన్వర్టర్ ఉండేది అందులోనే. దాన్ని తీసేస్తే బీఎస్ 6 బండి కొన్న ఫలితమే పోయింది.

టైర్లలో గాలి తగ్గితే ఇంధనం ఎక్కువ కాలుతుంది, పదిహేను రోజులకోసారి చూపించుకోండి. సిగ్నల్ దగ్గర అంకె ముప్పై దాటి ఉంటే ఇంజను ఆపేయండి. బడి గేటు ముందు ఏసీ కోసం ఇంజను నడుపుతూ కూర్చునేవారు మరీ గుర్తుంచుకోవాలి: పొగ వెలువడే ఎత్తుకు దగ్గరగా ఉండేవి పిల్లల ముక్కులే.

ట్రాఫిక్‌లో కారు అద్దాలు ఎత్తి, గాలి లోపలే తిరిగే మీట నొక్కుకోండి. బైకు మీద వెళ్లేవారికి జేబురుమాలు సన్నటి కణాలను ఆపదు, ఎన్95 మాస్కు ఆపుతుంది. ఉదయపు నడకను ఎండ వచ్చాకే పెట్టుకోండి, అదీ మెయిన్ రోడ్డు పక్కన వద్దు.