కొన్ని ఛానళ్లలోనే సెన్సిటివిటీ పడిపోతోందా? చిప్ పీకే ముందు క్లాక్ సంగతి చూడండి

సమస్య ఇది: ఫోన్ రిసీవర్ సెన్సిటివిటీ (ఎంత బలహీనమైన సిగ్నల్‌ని అందుకోగలదో) కొలుస్తుంటే, జీఎస్ఎమ్ 900 (2జీ బ్యాండ్)లో, −102 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) దగ్గర బిట్ ఎర్రర్లు 2.44 శాతం పరిమితి దాటేస్తున్నాయి. వెంటనే ట్రాన్స్‌సీవర్ (సిగ్నల్ పంపి, అందుకునే) చిప్ పోయిందని, దాన్ని పీకడానికి హాట్ ఎయిర్ గన్ అందుకుంటారు. దయచేసి ఆగండి.

ముందు కేబుల్ లాస్, అంటే టెస్టర్ నుంచి ఫోన్‌కి వెళ్లే కేబుల్‌లో తగ్గిపోయే సిగ్నల్. టెస్టర్‌లో ఆ బ్యాండ్‌కి లాస్ విలువ వేశారా లేదా? ఎన్నిసార్లు చెప్పినా దీన్ని వదిలేస్తారు. కేబుల్, కనెక్టర్ కలిసి 1 డీబీ తినేస్తే ఆ 1 డీబీ తప్పంతా ఫోన్ మీద పడుతుంది. బాగున్న ఫోన్‌ని అదే కేబుల్‌కి తగిలిస్తే నిమిషంలో తేలిపోతుంది.

అన్ని ఛానళ్లలోనూ ఒకేలా తగ్గిందా? యాంటెన్నా స్విచ్, సా ఫిల్టర్ (బ్యాండ్ బయటి సిగ్నళ్లని ఆపేది), మ్యాచింగ్ భాగాల సోల్డర్ చూడండి, ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

కొన్ని ఛానళ్లలోనే తగ్గితే మాత్రం అసలు తలనొప్పి మొదలైనట్టే. లో, మిడ్, హై అంటూ 1, 62, 124 ఛానళ్లు మూడే కొలిచి పాస్ రాసేస్తారు కాబట్టి ఇది ల్యాబ్ దాటి బయటికి వెళ్లిపోతుంది. 5, 70 కొలవండి. రిఫరెన్స్ క్లాక్ (ఫోన్‌లోని చిప్‌లని నడిపించే సిగ్నల్) 26 మెగాహెర్ట్జ్ అయితే దాని 36వ హార్మోనిక్ (36 రెట్ల ఫ్రీక్వెన్సీ) 936 మెగాహెర్ట్జ్, సరిగ్గా ఛానల్ 5 నడిమధ్య. బోర్డులో ఎక్కడైనా 13 మెగాహెర్ట్జ్ నడుస్తుంటే 73వది 949 దగ్గర, అంటే ఛానల్ 70 మీద పడుతుంది. 1800 బ్యాండ్‌లో 26 మెగాహెర్ట్జ్ క్లాక్ వల్ల దెబ్బతినే ఛానళ్లు 586, 716, 846. సిగ్నల్ −102 ఉన్నప్పుడు దానికి 9 డీబీ కింద, అంటే −111 డీబీఎం హార్మోనిక్ చాలు రిసీవర్‌ని చెడగొట్టడానికి, అంత చిన్నది కాబట్టే మామూలుగా కంటికి ఆనదు.

ఇప్పుడు అది ఏ దారిన వస్తోందో పట్టాలి. కేబుల్ మీదా కనిపిస్తే బోర్డులోంచే ఎల్ఎన్ఏ (రిసీవర్‌లోని మొదటి యాంప్లిఫయర్) ఇన్‌పుట్‌కి చేరుతోంది. కేబుల్ మీద బాగుండి, గాలిలో కొలిస్తేనే చెడితే యాంటెన్నా లాగేసుకుంటోంది. ఎర్రర్లు చూస్తూనే షీల్డ్ (చిప్‌లని కప్పే లోహపు డబ్బా) మూతని ప్లాస్టిక్ పుల్లతో మూలమూలనా నొక్కండి. ఒక మూల నొక్కగానే అంకె దిగిందంటే అక్కడ గ్రౌండ్ సరిగా తగలడం లేదు.

పరిష్కారం: ఎవరూ వాడని క్లాక్ అవుట్‌పుట్ బఫర్‌ని రిజిస్టర్‌లో (చిప్ సెట్టింగ్‌లో) ఆపేయండి. వాడేదానికి చిప్ కాళ్ల దగ్గరే చిన్న సిరీస్ రెసిస్టర్ పెట్టండి, కానీ విలువ మరీ పెంచితే క్లాక్ బలహీనపడి ఫోన్ ఆన్ కాదు. తర్వాతి బోర్డులో ఆ ట్రేస్‌ని పై పొరలో వదలకుండా రెండు గ్రౌండ్ పొరల మధ్యకి దించండి.

ఎల్‌టీఈ ఫోన్లలో క్లాక్ 38.4 మెగాహెర్ట్జ్ అయితే బ్యాండ్ 3లో 1843.2, బ్యాండ్ 40లో 2342.4 దగ్గర ఇదే గొడవ. స్క్రీన్ ఆపి ఒకసారి కొలవండి, డిస్‌ప్లే క్లాక్ కూడా ఇలాగే చేస్తుంది.

క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ తప్పడం, స్టాటిక్‌కి ఎల్ఎన్ఏ పోవడం అరుదు, పైగా అవి ఒక్క ఛానల్‌ని ఎంచుకుని కొట్టవు.

మార్పు చేశాక ఆ రెండు ఛానళ్లతో సరిపెట్టకుండా 1 నుంచి 124 వరకు మొత్తం స్వీప్ చేసి, అప్పుడు పాస్ అనండి.