పాత మస్టాంగ్ ఎత్తు తగ్గించే ముందు జాగ్రత్తలు

1965-66 ఫోర్డ్ మస్టాంగ్‌ను తక్కువ ఖర్చులో అంగుళం కిందికి దించాలనుకుంటే, పానా పట్టకముందే ఇవి చూసుకోండి.

• ముందు తుప్పు సంగతి. షాక్ టవర్లను (ఇంజిన్‌కు ఇరువైపులా ముందు స్ప్రింగుల పైకొన ఆనే గూళ్లు), వెనుక లీఫ్ స్ప్రింగులు బిగించే చోట్లను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మొన లోపలికి దిగితే డబ్బు అక్కడే ఖర్చుపెట్టాలి, ఎత్తు తర్వాత.

• నాలుగు చక్రాల దగ్గరా నేల నుంచి ఫెండర్ అంచు వరకు కొలిచి రాసుకోండి.

• నేల గట్టిగా, చదునుగా ఉండాలి. బరువు జాక్ మీద కాదు, స్టాండ్ల మీద ఉండాలి. ఇటుకలు అసలే వద్దు.

• ఈ కారులో ముందు కాయిల్ స్ప్రింగు పై కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే పై చేయి) మీద కూర్చుంటుంది. అణిచిపెట్టిన స్ప్రింగు జారితే ఎముకలు విరుగుతాయి, ప్రాణమూ పోవచ్చు. దీనికి సరిపడే స్ప్రింగ్ కంప్రెసర్‌ను (స్ప్రింగును అణిచిపట్టే పనిముట్టు) అద్దెకైనా తెచ్చుకోండి. దాని మరలకు గ్రీజు పూయండి, ముఖం ఎదురుగా ఉంచకండి. పొదుపు చేయకూడని చోటు ఇదొక్కటే.

• ఎత్తు తగ్గించడానికి ముందు స్ప్రింగును కోస్తే, కటింగ్ డిస్కుతో ఒకసారికి అర చుట్టే కోయాలి, రెండువైపులా సమానంగా. గ్యాస్ మంటతో కుంగదీయడం చౌకే, కానీ ఉక్కు బిగువు పోతుంది. నన్నడిగితే, 1965 షెల్బీ జీటీ 350లో (మస్టాంగ్‌కే రేసు రూపం) చేసినట్టు పై ఆర్మ్ బిగించే రంధ్రాలను అంగుళం కిందికి జరపడమే మేలు: మలుపుల్లో పట్టు కూడా పెరుగుతుంది. కొలత మాత్రం తప్పకూడదు.

• వెనుక ఇరుసుకూ లీఫ్ స్ప్రింగుకూ మధ్య దిమ్మలు పెడితే, ఆ రెంటినీ కలిపి బిగించే పొడవైన కొత్త యూ బోల్టులు తప్పనిసరి.

• బ్రేకు గొట్టాలు లాగినట్టు ఉండకూడదు, టైర్లు ఎక్కడా రాసుకోకూడదు.

• వీల్ అలైన్‌మెంట్‌కు డబ్బు ముందే పక్కన పెట్టండి.