పాటకు చిత్రరూపం – నాలుగో పాఠం: పల్లవిని ఎప్పుడు వినిపించాలి?

గత పాఠంలో చెప్పినట్టు పల్లవి, చరణాలు, వాద్య భాగాల నిడివిని సెకన్లలో రాసుకున్న కాగితాన్ని ముందు పెట్టుకోండి. ఈరోజు ఆ వరుసను విడదీసి, కథకు తగినట్టు మళ్లీ పేర్చుతాం.

ఇందుకు మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ పాటకు తీసిన చిత్రాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. జాన్ ల్యాండిస్ దర్శకత్వం వహించిన ఆ చిత్రం 1983 డిసెంబరు 2న ఎంటీవీలో తొలిసారి ప్రసారమైంది. పాట ఆరు నిమిషాలది, చిత్రం సుమారు 14 నిమిషాలది. ఆల్బమ్‌లో చరణం వెంట పల్లవి వస్తుంది; చిత్రంలో మాత్రం, సినిమా హాలు నుంచి బయటికొచ్చిన జంట వీధిలో నడుస్తున్నంతసేపూ చరణాలే ఒకదాని తర్వాత ఒకటి సాగుతాయి. ఆపైన భయానక చిత్రాల నటుడు విన్సెంట్ ప్రైస్ గంభీరమైన గొంతు వినిపిస్తుంది, సమాధుల్లోంచి శవాలు లేస్తాయి, నృత్యం మొదలవుతుంది. పల్లవి అప్పటికి గాని రాదు. అందరికీ నోటికి వచ్చిన భాగాన్ని అంతసేపు బిగపట్టి ఉంచడంవల్లనే ఆ నృత్యానికి అంత బలం వచ్చిందని నా నమ్మకం. రిక్ బేకర్ వేషాలంకరణను అందరూ మెచ్చుకుంటారు, అది న్యాయమే. కానీ ఈ కూర్పును కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

ఇదే పద్ధతిని మన మైపాడు తీరంలో అమలు చేద్దాం. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి, గాయకుడి వెనుక అలలు కనిపించేలా కెమెరా పెడితే, ఉదయం సూర్యుడు అతని వీపు వెనుక ఉండి ముఖం చీకటిగా, ఆకారం మాత్రమే నల్లగా కనిపిస్తుంది. సాయంత్రం అదే చోట నిలబెడితే పడమటి వెలుగు నేరుగా ముఖం మీద పడుతుంది. అయితే సరుగుడు తోటల నీడ ఇసుక మీదికి సాగకముందే పని ముగించాలి. కనుక చరణాలను ఉదయమే తీయండి, ముఖాన్ని పల్లవి కోసం దాచండి.

అలల హోరులో ఫోను స్పీకరు వినిపించదు. పెద్ద స్పీకరు తీసుకెళ్లండి. పాటకు ముందు నాలుగు తాళపు దెబ్బలు చేర్చుకుంటే గాయకుడు సమయానికి అందుకుంటాడు. స్లోమోషన్‌లో పెదవులు కలవాలంటే సెకనుకు 48 ఫ్రేముల చొప్పున తీస్తూ, పాటను రెట్టింపు వేగంతో వినిపించి, 24 ఫ్రేముల వేగంతో చూపాలి.

చిత్రీకరణ జరిగే తీరును కూడా ఎవరిచేతనైనా వీడియో తీయించండి. ‘థ్రిల్లర్’ తయారీపై తీసిన డాక్యుమెంటరీ హక్కులకు షోటైమ్, ఎంటీవీ చానెళ్లు ఇచ్చిన సొమ్మే ఆ చిత్రం ఖర్చుకు ఆధారమైంది. ఆ డాక్యుమెంటరీ వీడియో క్యాసెట్‌గానూ విశేషంగా అమ్ముడైంది. 2009లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చోటు పొందిన తొలి మ్యూజిక్ వీడియో కూడా ‘థ్రిల్లర్’ చిత్రమే.

అభ్యాసం: మీ పాటను మూడు వరుసల్లో పేర్చి, ఒక్కోదానిలో పల్లవి తొలిసారి ఏ సెకనులో వస్తుందో, ఆ క్షణానికి కథ ఎంతవరకు చేరుకుంటుందో రాయండి. ఐదో పాఠంలో వాటిలో ఒకదాన్ని ఎంచుకొని షాట్ల పట్టిక తయారుచేద్దాం.