వ్యాసరచన పోటీల్లో ఎత్తిరాతను గుర్తించడం ఎలా?

నెల్లూరు జిల్లా బడుల్లో వ్యాసరచన పోటీలకు న్యాయనిర్ణేతలుగా కూర్చునే ఉపాధ్యాయులకు ఒక చిట్కా. వలస పక్షులపై వచ్చిన వ్యాసంలో, నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం నెల్లూరు జిల్లాలో ఉన్నదని కనిపిస్తే కాస్త ఆగి చదవండి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో, నేలపట్టు ఉన్న సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లినందున, ఆ వాక్యం ఏ పాత పేజీ నుంచో యథాతథంగా దిగి ఉండవచ్చు. అయితే ఇళ్లలో పెద్దలు ఇప్పటికీ అలాగే అంటుంటారు కనుక, ఆ ఒక్క పొరపాటుతోనే పిల్లలపై నింద వేయడం అన్యాయం.

అనుమానం కలిగిన చోట, ఏడెనిమిది మాటల వాక్యభాగాన్ని జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉంచి గూగుల్‌లో వెదకండి. మనం ‘సూళ్లూరుపేట’ అనీ ‘సూళ్ళూరుపేట’ అనీ రెండు విధాలుగా రాస్తాం కాబట్టి, మొదటిసారి దొరకకపోతే వర్ణక్రమం మార్చి మరోసారి ప్రయత్నించాలి. అప్పటికీ తేలకపోతే విద్యార్థిని పక్కకు పిలిచి, ఆ వ్యాసంలోని ఒక కఠినమైన మాటకు అర్థం మెల్లగా అడగండి. నా దృష్టిలో ఏ యంత్రం కన్నా ఇదే నమ్మదగిన పరీక్ష.

బహుమతి విషయానికి వస్తే, చేతిరాతకూ అలంకారాలకూ ఇచ్చే మార్కుల్లో కొన్ని తగ్గించి, పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవారిని అడిగి తెలుసుకున్న సంగతులకూ, స్వయంగా చూసి రాసిన వివరాలకూ కేటాయించండి. ఈ సంగతిని పోటీకి ముందే ప్రకటించండి. ఎక్కడి నుంచి తీసుకున్నారో నిజాయితీగా పేర్కొన్నవారికి మాత్రం మార్కులు తగ్గించవద్దు.