అట్ట మీద వెటకారం – 4వ పాఠం: తిట్టేవాళ్ల గొంతుతో రాయడం

పోయిన పాఠంలో మీ ఊహల బ్యాండ్‌కి పేరు పెట్టమన్నాను. పెట్టకపోతే ముందు ఆ పని కానివ్వండి. పేరు లేకుండా ఈ పాఠం నడవదు.

ఈసారి ఒక్క మ్యూజిక్ ఆల్బమ్ అట్టనే ముందేసుకుని కూర్చుందాం. 1966 జూన్‌లో అమెరికాలో వచ్చిన ‘ఫ్రీక్ అవుట్!’. అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా నడిపిన మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్ బృందానికి ఇదే మొదటి ఆల్బమ్, అదీ ఏకంగా రెండు ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) సెట్టు! బృందం పేరు మొదట ఉత్త ‘మదర్స్’. రికార్డు కంపెనీ వాళ్లకి అందులో బూతు వినిపించింది. అందుకని ‘ఆఫ్ ఇన్వెన్షన్’ అన్న తోక తగిలించారు. అవసరమే ఆవిష్కరణకి (ఇన్వెన్షన్‌కి) తల్లి అన్న ఇంగ్లిష్ సామెత అలా పనికొచ్చింది.

ముందు బొమ్మ. ఉన్నది మామూలు గ్రూప్ ఫొటోనే, రంగులే తారుమారు. ‘కర్వ్స్’ (ఒక గీతని వంచి ఫొటోలో వెలుగునీడల్ని మార్చే సాధనం) ఉన్న ఏ ఫొటో యాప్‌లోనైనా ఇలాంటిది చేయొచ్చు. గీతని నడిమధ్యలో పట్టుకుని పైకి లాగండి, కుడి కొసని కిందికి దించండి. వెలుతురు పడ్డ చోట్లు నల్లబడతాయి. తర్వాత ఎరుపు, నీలం గీతల్ని విడివిడిగా కదపండి. పాత చీకటిగదుల్లో ప్రింటు డెవలప్ అవుతుండగా ఓ క్షణం లైటు వేసి దాదాపు ఇదే మాయ చేసేవారు, సోలరైజేషన్ అంటారు. పది నిమిషాలు ఆడుకుని వదిలేయండి. రంగులు మనిషిని ఆపుతాయంతే. అసలు వెటకారం అట్ట వెనకాల ఉంది.

అక్కడ ఒక ఉత్తరం అచ్చేశారు. రాసింది యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీ నుంచి సూజీ క్రీమ్‌చీజ్ అనే అమ్మాయి. అలాంటి అమ్మాయి లేదు, జప్పా కల్పన. ఈ మదర్స్‌కి పిచ్చి, బట్టలు చూస్తేనే తెలుస్తుంది, ఒకడు పూసలు వేసుకుంటాడు, అందరూ కంపు కొడతారు, అంటుంది. మా స్కూల్లో వీళ్లు ఎవరికీ నచ్చరు అంటూ చివర్లో ఒక ముక్క కలుపుతుంది: ముఖ్యంగా ఆ పాటల మాటలకి అర్థమేంటో మా టీచర్ చెప్పాక!

ఆ ముక్క దగ్గర ఆగండి. అప్పటిదాకా దెబ్బ బ్యాండ్ మీద పడుతోంది. ఇక్కడ స్కూలు వైపు తిరిగింది. పిల్లలకి పాట నచ్చకపోవడం కూడా పాఠం చెప్పి నేర్పినదే. ఇది వ్యంగ్యమని జప్పా ఎక్కడా చెప్పడు, అమ్మాయి తనకి తెలీకుండానే బయటపడిపోతుంది. లోపల ‘ట్రబుల్ ఎవ్రీ డే’ లాంటి పాట ఉంది మరి. 1965లో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ ప్రాంతంలో జరిగిన అల్లర్ల మీద రాసింది, వాటిని చూపించిన టీవీ వార్తల్నీ వదల్లేదు. అలాంటి పాటని కంపు, పూసలు అంటూ కొట్టిపారేసే గొంతుని అట్ట మీదే కూర్చోబెట్టాడు.

ఇప్పుడు మీ వంతు. నేను మొదటిసారి రాసింది ఇలా వచ్చింది: “మా అపార్ట్‌మెంట్ సెక్రటరీకి కళ తెలీదు.” చప్పగా ఉంది, తిట్టేది నేనే కదా! తిరగరాశాను: “అయ్యా, మీ బ్యాండ్ శబ్దానికి మా ఫ్లాట్ల వాళ్లు నిద్రపోలేకపోతున్నారు. మొన్న మూడో పాటలో లిఫ్ట్ గురించి ఏదో అన్నారట. లిఫ్ట్ బాగానే ఉంది. ఆర్నెల్లుగా బాగుచేయిస్తూనే ఉన్నాం.” ఇక నేను చెప్పాల్సింది లేదు, ఆయనే ఒప్పేసుకున్నారు.

మీరూ ఎనిమిది వాక్యాల ఫిర్యాదు రాయండి. రాసేవాళ్లకి కోపం ఉండాలి, తమకి తెలివి ఉందనుకోవాలి, చివరి వాక్యంలో నోరు జారాలి.

వచ్చే పాఠంలో ఇదే అట్ట లోపలి పేజీ చూద్దాం. రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ నుంచి అమెరికన్ బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ దాకా శుభలేఖలో బంధువుల్లా వరసగా పేర్లు వేసి, మా సంగీతం ఇలా తయారవడానికి కారకులు వీళ్లే, దయచేసి వీళ్ల మీద కోపం పెట్టుకోకండి అన్నారు. మీ బ్యాండ్ చెడిపోవడానికి కారకులైన ఓ ఇరవై పేర్లు ఈలోగా రాసి ఉంచండి. చుట్టాలు వద్దు, గొడవలవుతాయి.